సెలవులకు ముందు రోజు పిల్లల్ని బడికి పంపాలా? దసరా ముందు అందరూ అడిగే ప్రశ్నలు

బతుకమ్మకు వారం ఉందనగా ఫోన్లు మొదలవుతాయి. "మేడం, శుక్రవారం పంపాల్నా?" "అక్కా, శనివారం బడి ఉంటదా, ఉత్తదేనా?" నేను ఉండేది హనుమకొండలో. పక్క మండలంలో జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను, నా పిల్లలిద్దరు మాత్రం ప్రైవేటు బడిలో చదువుతున్నారు (దాని మీద జోకులన్నీ వినేశాను, కొత్తవి ఉంటే చెప్పండి). అంటే గేటుకు లోపలి సంగతీ తెలుసు, బయట స్కూటీ మీద నిలబడి ఎదురుచూసే సంగతీ తెలుసు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాస్తున్నా. దసరా పేరు పెట్టి రాసినా సంక్రాంతికి, వేసవికి కూడా దాదాపు ఇదే లెక్క.

ఒక్క ముక్కలో చెప్పండి, పంపాలా వద్దా?

పంపండి. నిజమైన పని పడితే ఆపుకోండి, ఆపినప్పుడు బడికి ఉన్నమాట చెప్పండి. ఇంకో మాట, సెలవులకు ముందు రోజు గురించి ఇంత మథనపడే మనం బడి తిరిగి తెరిచే రోజు గురించి అసలు ఆలోచించం. నన్నడిగితే పిల్లవాడికి ఎక్కువ నష్టం చేసేది ఆ తెరిచే రోజు మానడమే. దాని సంగతి కిందికి వస్తుంది.

ఆ రోజు పాఠాలేం చెప్పరు కదా, ఊరికే కూర్చోబెట్టడానికి పంపాలా?

కొత్త పాఠం చెప్పం అన్నది నిజం. ఎందుకు చెప్పమో కూడా వినండి. నలభై మంది ఉండాల్సిన తరగతిలో పదిహేడు మంది ఉంటే కొత్త అధ్యాయం మొదలుపెట్టి ఏం లాభం, సెలవులయ్యాక మిగతా ఇరవై మూడు మందికి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి, అప్పుడు ఈ పదిహేడు మంది ఆవలిస్తూ కూర్చుంటారు. పాఠం ఉండదని మీరు పంపరు, మీరు పంపరని మేం పాఠం చెప్పం. ఎన్నేళ్ల నుంచో ఇట్లనే నడుస్తోంది.

కానీ పాఠం లేదంటే పని లేదని కాదు. మా దగ్గర రెండో ఫార్మేటివ్ పరీక్ష (ఏడాది నడుమ పెట్టే చిన్న పరీక్ష) సాధారణంగా దసరాకు ముందే అయిపోతుంది, దిద్దిన పేపర్లు ఆ ఆఖరి రెండు మూడు రోజుల్లోనే చేతికిస్తాం. ఉన్నది ఇరవై మార్కులే అయినా పిల్లలు ఆ పేపర్ చూసే తీరు చూడాలి. ఒక ఎనిమిదో తరగతి పిల్ల, మైనస్ మూడును మైనస్ నాలుగుతో గుణించి మైనస్ పన్నెండు వేసింది. ఎర్ర సున్నా చుట్టి ఉంటే దాని మీద వేలు పెట్టి, "రెండు మైనస్‌లు కదా మేడం, అయ్యో" అని తనే అనుకుంది, పెన్సిల్‌తో పక్కనే దిద్దుకుంది. రెండు నిమిషాల పని. అదే పేపర్ పన్నెండు పదమూడు రోజుల తర్వాత ఇస్తే మార్కు చూసి మడిచి సంచిలో పెట్టుకుంటారు, మార్కు ఎందుకు పోయిందో అప్పటికి వాళ్లకే గుర్తుండదు.

ఇంకోటి, తరగతి పలచగా ఉన్న రోజే నోరు విప్పే పిల్లలుంటారు. వెనక బెంచీలో జూన్ నుంచి మాట్లాడని పిల్లవాడు ఆ రోజు టేబుల్ దగ్గరికి వచ్చి "భిన్నాలు మళ్లోసారి చెప్తరా మేడం" అంటాడు. ముప్ఫై మంది చూస్తుంటే అడగలేకపోయాడు పాపం. మీ పిల్లలు చదువులో కొంచెం వెనకబడ్డారనుకుంటే ఆ ఆఖరి రోజును అస్సలు వదులుకోవద్దని చెప్తాను. బాగా చదివే పిల్ల అయితే ఒక రోజు రాకపోయినా కొంపలేం మునగవు. ఇది టీచర్లు పైకి అనరు, నేను అంటున్నా.

బడిలో బతుకమ్మ ఆడతారట, అది కూడా బడేనా?

మా ఇంట్లో మా అత్తమ్మది కూడా ఇదే ప్రశ్న. "ఆటకు పంపి ఏం జేస్తవ్, ఇంట్ల ఆడదా" అని.

చాలా బళ్లలో సెలవులకు ముందు ఆఖరి పనిదినాన బతుకమ్మ పేరుస్తారు. ఆ రోజు యూనిఫాం ఉండదు, ఆడపిల్లలు లంగా ఓణీలో, పట్టు లంగాలో వస్తారు. ఊరి బళ్లలో పిల్లలే పొద్దుగాల చెల్క గట్ల మీద తిరిగి గునుగు, తంగేడు కోసుకొస్తారు. టౌన్లో తంగేడు కనబడటమే కష్టమైపోయింది, హనుమకొండ చౌరస్తాలో కట్టల లెక్కన కొనుక్కోవాల్సిందే. గునుగు కాడల్ని ఒకే కొలతకు కత్తిరించి, కొసలు రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టి, పళ్లెంలో గుమ్మడాకు పరిచి వరుసలు పేరుస్తుంటే ఆరో తరగతి పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. ఇంట్లో అమ్మకు పేర్చడం రాని పిల్లలు, అపార్ట్‌మెంటులో ఆడుకోను జాగా లేని పిల్లలు, నాందేడ్ వైపు నుంచి, ఒడిశా నుంచి పనికి వచ్చిన వాళ్ల పిల్లలు, అందరూ ఆ రోజే నేర్చుకుంటారు. మగపిల్లలు కూడా, పూలు మోసే పని వాళ్లదే మరి.

కాబట్టి అత్తమ్మకు నేను చెప్పేది ఒకటే, అది బడే. ఇంకో సంగతి, పిల్లలు తమంతట తాము పోతామని ఏడ్చే ఏకైక ఆఖరి రోజు ఇది. ఆ రోజు ఊరికి బస్సెక్కిస్తే మీ చెవులు పోతాయి.

పట్టు లంగా, పూలు, గాజులు కొనలేమని ఆ రోజు మాన్పించే వాళ్లు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఉన్న బట్టల్లో పంపండి, యూనిఫాంలో వచ్చినా ఎవరూ ఏమీ అనరు, అంటే ఆ టీచర్ పేరు హెడ్మాస్టర్‌కు చెప్పండి.

ఒకటి రెండు రోజులు పోతే హాజరు తగ్గుతుందా? పరీక్ష రాయనివ్వరా?

ఒకటి రెండు రోజులకేం కాదు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ఏడాదికి ఒకటి నుంచి ఐదు వరకు కనీసం 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పనిదినాలు ఉండాలి. సీబీఎస్ఈలో పది, పన్నెండు తరగతుల వాళ్లకు బోర్డు పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు అడుగుతారు. 220 రోజుల్లో 75 శాతం అంటే 165. యాభై ఐదు రోజులు పోయినా ఒడ్డున పడతారన్నమాట. మరి ఎందుకింత గోల అంటారా?

ఆ రోజులు ఒంటరిగా పోవు, అందుకు. దసరాకు ముందు రెండు, తర్వాత రెండు. సంక్రాంతికి ముందొకటి, తర్వాత రెండు. జాతర ఏడాదైతే మేడారం పేరు మీద మూడు. మాఘమాసం పెళ్లిళ్లకు ఓ నాలుగు. జ్వరాలకు ఐదారు ఎలాగూ పోతాయి, మన దగ్గర వానాకాలం డెంగీ సంగతి తెలిసిందే. కూడితే ఇరవై. అంటే దాదాపు నెల బడి, ఎవరూ మాన్పించాలని అనుకోకుండానే పోయింది. 2023 జూలై చివర్లో వరంగల్‌లో వరద వచ్చి బళ్లు మూసిన ఏడాది లాంటిదైతే దానికి ఇవి తోడు.

పెద్దమ్మాయి ఇంటర్, చిన్నోడు ఆరో తరగతి. ఇద్దరికీ సెలవులు ఒకేసారి రావు. ఏం చేయాలి?

ఇది నాకు ప్రతి ఏడాది వచ్చే ఫోను. 2025లో చూడండి, బళ్లకు సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 3 వరకు సెలవులు, జూనియర్ కాలేజీలకు సెప్టెంబర్ 28 నుంచి అక్టోబర్ 5 వరకు. వారం తేడా. ఇక్కడ చాలామంది చేసేది ఏమిటంటే చిన్నవాడి సెలవులు మొదలుకాగానే పెద్దమ్మాయితో కూడా కాలేజీ ఎగ్గొట్టించి అందరూ కలిసి ఊరెళ్లడం. ఇంటర్‌లో వారం అంటే మాటలు కాదు, ఫిజిక్స్‌లో ఒక అధ్యాయమే అయిపోతుంది.

చిన్నోణ్ని ముందు అమ్మమ్మ ఇంటికి పంపండి. వాడికీ సరదా, ఆమెకూ సంతోషం. సద్దుల బతుకమ్మకు, అంటే ఆఖరి రోజు బతుకమ్మకు, రెండు రోజుల ముందు మీరు, అమ్మాయి వెళ్లండి. అసలు పండుగంతా ఆ చివరి మూడు రోజుల్లోనే కదా. అమ్మమ్మ ఇంటికి పంపే వీలు లేదు, ఇద్దరం పనికి పోయేవాళ్లమే అంటే చిన్నోడు ఇంట్లో ఉంటాడు, పక్కింటి వదినకు చెప్పి వెళ్తారు, అంతే. దీనికి మంచి ఉపాయం నా దగ్గర కూడా లేదు.

టికెట్లు సెలవులకు ముందురోజుకే దొరికాయి. మార్చుకోవాలా?

అవసరం లేదు. దూరం ప్రయాణమైతే ఇది నిజమైన కారణమే. మన దగ్గర నుంచి సూరత్, భీవండి, షోలాపూర్ వెళ్లి మగ్గాల మీద స్థిరపడ్డ బంధువులు లేని ఇల్లు తక్కువ. సూరత్‌కు నవజీవన్ రైల్లో వరంగల్ నుంచి పోవాలంటే 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే బుకింగ్ తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. పండుగ రోజులకైతే తెరిచిన గంటకే వెయిటింగ్ లిస్టు. దొరికిన రోజు పట్టుకోవడం తప్ప మన చేతిలో ఏముంది? లీవ్ లెటర్ ఇచ్చి వెళ్లండి.

కానీ పరకాల, నర్సంపేట, హుజూరాబాద్, జనగామ పోవడానికి "బస్సులు రష్ ఉంటయి మేడం" అని ఒక రోజు ముందు మాన్పిస్తే మాత్రం ఒప్పుకోను. రష్ ఉంటుంది, 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సులలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి ఇంకా ఉంటుంది, హనుమకొండ బస్టాండ్‌లో కిటికీలోంచి టవల్ వేసి సీటు ఆపే సీన్ నేనూ చూస్తూనే ఉన్నా. అయితే ఆ రష్ బడి ఆఖరి రోజు సాయంత్రానిది. మర్నాడు పొద్దున ఆరింటి బస్సుకు పొండి, కూర్చుని పోతారు.

జ్వరం అని చెప్పమంటే పోలేదా? ఎందుకు గొడవ?

ఒద్దు. నీతి కోసం చెప్పట్లేదు, పనికి రాదు కాబట్టి చెప్తున్నా. మీరు ఫోన్లో "బాబుకు జ్వరం" అంటారు, సెలవుల తర్వాత వాడు మొదటి పీరియడ్‌లోనే "మేం శుక్రవారమే పోయినం మేడం, మామ కొత్త బండి కొన్నడు" అని క్లాసంతటికీ వినిపించేలా చెప్తాడు. టీచర్ ముఖం చూసి, తను ఏం చెప్పకూడదో అప్పుడు గుర్తొచ్చి, నాలుక కరుచుకుంటాడు. నేను నవ్వి ఊరుకుంటాను కానీ, తర్వాత నిజంగా జ్వరమని ఫోన్ చేసిన రోజు ఒక క్షణం ఆలోచిస్తాను కదా.

ఉన్నది రాయండి. "మా తమ్ముని పెండ్లి మాటలకు నర్సంపేట పోతున్నం, మా పాప ఎల్లుండి రాదు, హోంవర్క్ డైరీలో రాసి పంపగలరు" అంటే చాలు. ఒక రోజు ముందు ఇస్తే పేపర్లు, హోంవర్క్ ముందే పంపిస్తాం. పండుగ పని ఎక్కువుంది, పిండివంటలకు సాయం కావాలి అని రాసినా ఏమీ అనం, మా ఇంట్లో మాత్రం సకినాలు వాటంతటవే చుట్టుకుంటాయా?

స్కూల్ వాట్సాప్ గ్రూపులో "రేపు ఎవరూ రావట్లేదట" అని పెడుతున్నారు. మేం ఒక్కరమే పంపితే బాగుంటుందా?

రాత్రి తొమ్మిదింటికి ఒక తల్లి "మీ పాప వస్తుందా?" అని పెడుతుంది. ఇంకొకరు "డౌటే" అంటారు. తొమ్మిదింబావుకి అది "సగం మంది రారట" అవుతుంది, పదింటికి "బడి లేదట" అవుతుంది, దానికి తోడు ఎవరో ఒకరు పాత సంవత్సరం సెలవుల ఉత్తర్వు ఫోటో తెచ్చి వేస్తారు, తేదీ చూసే నాథుడుండడు. గ్రూపును నమ్మకండి, బడి ఆఫీసు నంబరుకో క్లాస్ టీచర్‌కో ఒక మెసేజ్ పెట్టండి. మీ పిల్ల ఒక్కతే వచ్చినా సిగ్గుపడాల్సిందేమీ లేదు, పైన చెప్పిన పదిహేడు మందిలో ఉంటుంది.

టీచరే "రేపు రాకపోయినా పర్లేదు" అంటే?

అనేవాళ్లు ఉన్నారు, మాలో మేం దాచుకోవడం ఎందుకు. పిల్లలు తక్కువైతే తరగతులు కలిపేసి ఆన్‌లైన్‌లో మార్కుల ఎంట్రీ చేసుకోవచ్చని ఆశ. డైరీలో రాసివ్వమని మర్యాదగా అడగండి, రాయరు. రాయకపోతే బడి ఉన్నట్టే.

ఫీజు కట్టలేదు, పండుగ ముందు పంపితే పిల్లని నిలబెడతారేమోనని భయం.

ఈ ప్రశ్న సిగ్గుతో అడుగుతారు, సగం మంది అడగకుండా మాన్పించేస్తారు. ఆఖరి వారంలో ప్రైవేటు బళ్లు టర్మ్ ఫీజు కోసం గట్టిగా పడతాయన్నది వాస్తవమే. మా చిన్నోడి విషయంలోనే ఒకసారి ఒక బడిలో తరగతి మధ్యలో పేర్లు చదివారు, ఇంటికొచ్చి అన్నం తినలేదు వాడు. మర్నాడు నేను వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడాను, ఫీజు సంగతి నాతో మాట్లాడండి, వాడితో కాదు అని. మళ్లీ జరగలేదు.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధించింది. ఫీజు కోసం ఎండలో నిలబెట్టడం, క్లాసు బయట కూర్చోబెట్టడం దాని కిందికే వస్తాయి. ముందురోజే వెళ్లి "పత్తి డబ్బులు రాంగనే కడతాం" అనో, "జీతం పడగానే సగం ఇస్తాం" అనో తేదీ చెప్పి రండి. అయినా వినకపోతే ఎంఈఓకు (మండల విద్యాధికారికి) కాగితం మీద రాసివ్వండి, నోటితో చెబితే లెక్క ఉండదు.

పత్తి మొదటి ఏరుడు వచ్చింది. నాలుగు రోజులు ముందే ఆపితే ఏం పోతుంది?

దీనికి నా జవాబు కొంచెం కటువుగా ఉంటుంది.

మన వైపు దసరా అటూ ఇటూగా పత్తి పగులుతుంది. కూలీలు దొరకరు, దొరికినా కిలో లెక్కన అడిగే రేటు గిట్టదు, వాన పడితే తడిసి రంగు మారుతుంది, ఏనుమాముల మార్కెట్లో తేమ పేరు చెప్పి ధర కోస్తారు. అవన్నీ నాకు తెలుసు, మాదీ వ్యవసాయ కుటుంబమే. కానీ ఏడో తరగతి పిల్ల నడుముకు సంచి కట్టుకుని పొద్దంతా వంగి ఏరితే, ఎండిన కాయ మొనలు గుచ్చుకుని గోళ్ల పక్కన చర్మం చీలిపోతుంది. సెలవుల తర్వాత పెన్ను పట్టుకోను రాక ఆ పిల్ల చేతులు బెంచీ కింద దాచుకోవడం మా బడిలో ప్రతి ఏడాది కనిపిస్తుంది.

2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత కుటుంబానికి సాయం చేయడానికి మాత్రం మినహాయింపు ఉంది, అదీ ప్రమాదం లేని పనికి, బడి వేళల తర్వాత లేదా సెలవుల్లో. అంటే సెలవుల్లో ఇంటి చేన్లో ఓ పూట చేయి వేస్తే సరే. బడి రోజున మాన్పించి తీసుకెళ్తే కాదు, వేరేవాళ్ల చేన్లోకి కూలికి పంపితే అసలే కాదు. అట్లా ట్రాలీ ఆటోల్లో పిల్లల్ని తీసుకుపోవడం చూస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

నాలుగు రోజుల ముందు ఆగిన పిల్ల సెలవుల తర్వాత తిరిగి రావడం కూడా కష్టమే. రెండో ఏరుడు వస్తుంది, తర్వాత మిరప వస్తుంది. ఆ పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, మనిషి ఉండదు. అప్పుడు మేం ఇంటికి వెళ్తే "పెద్దమనిషైంది సారు, ఇంక ఏం పోతది" అంటారు. నాలుగు రోజులే కదా అన్నప్పుడు అందరికీ నాలుగు రోజులే అనిపిస్తుంది.

ఇంకొకటి, సర్కారు బడికి వచ్చిన రోజు మధ్యాహ్నం అన్నం ఉంటుంది, వారానికి మూడు సార్లు గుడ్డు ఉంటుంది. ఇది చిన్న విషయంలా కనిపించే ఇళ్లు ఉన్నాయి, కనిపించని ఇళ్లూ ఉన్నాయి.

గురుకులంలో, హాస్టల్లో ఉన్న పిల్లల్ని ఒక రోజు ముందే తెచ్చుకోవచ్చా?

ప్రిన్సిపాల్ ఒప్పుకుంటే తెచ్చుకోవచ్చు, కానీ అడిగేముందు ఒకటి ఆలోచించండి. ఆఖరి రోజు గేటు దగ్గర జాతరలా ఉంటుందన్నది నిజమే, ట్రంకు పెట్టె ఒక చేత్తో, బకెట్ ఇంకో చేత్తో, పరుపు నెత్తి మీద పెట్టుకుని పిల్లలు, రోడ్డు పొడుగునా ఆటోలు. కానీ మీరు ముందురోజు తెచ్చుకుంటే ఆ రాత్రి మిగిలిన పిల్లలకు నిద్ర పట్టదు, మా అమ్మ ఎందుకు రాలేదని. దూరం నుంచి వచ్చేవాళ్లైతే సరే. లేకపోతే అందరితో పాటే తెచ్చుకోండి, పొద్దున పది లోపు వెళ్తే రష్ తక్కువ. తల్లో తండ్రో స్వయంగా వెళ్లండి, ఆధార్ వెంట ఉంచుకోండి, మేనమామను పంపితే సంతకం దగ్గర ఆపేస్తారు, ఆపాలి కూడా.

ఎల్‌కేజీ పిల్ల. దానికి కూడా ఇంత చర్చా?

లేదు. ఇంట్లో ఉంచుకోండి, పంపినా సంతోషమే.

మా బాబు టెన్త్. సెలవుల్లోనూ స్పెషల్ క్లాసులు పెడుతున్నారు. పంపాలా?

ప్రభుత్వం సెలవు ప్రకటించిన రోజుల్లో క్లాసులు పెట్టొద్దని విద్యాశాఖ ప్రైవేటు బళ్లకు ప్రతి ఏడాది చెప్తూనే ఉంటుంది, ఇంటర్ బోర్డు కాలేజీలకు చెప్తూనే ఉంటుంది. అయినా షట్టర్ సగం దించి నడిపేవాళ్లు నడుపుతారు. ఇది తప్పని తెలిసినా, పంపకపోతే మనవాడు వెనకబడతాడేమోనని మన టెన్షన్ మనది.

నేనైతే సద్దులకు, దసరాకు పంపను. మిగతా రోజుల్లో ఇంట్లో రోజుకు రెండు గంటలు లెక్కలు, సైన్సు కూర్చోబెడతాను. జూన్ నుంచి ఏప్రిల్ దాకా పొద్దున ఏడింటికి పోయి రాత్రి ఏడింటికి వచ్చే పిల్లవాడికి జమ్మి చెట్టు దగ్గరికి పోయి, పాలపిట్టను చూసి, ఆకు తెచ్చి తాత చేతిలో పెట్టి కాళ్లు మొక్కే తీరిక ఏడాదికొక్కసారి వస్తుంది. ఆ రోజు వాడు బహుపదుల గురించి ఏం వింటాడు? రాకపోతే ఫైన్ అంటే రసీదు అడగండి, అక్కడితో ఆగిపోతుంది చాలాసార్లు.

సంక్రాంతి, క్రిస్మస్, మేడారం?

సంక్రాంతికి ముందు పోటీ పాఠాలతో కాదు, గాలిపటాలతో. మధ్యాహ్నం తర్వాత పిల్లల చూపంతా కిటికీ వైపే. అయినా పంపండి, దసరాకు చెప్పిందే. మిషనరీ బళ్లకు క్రిస్మస్ సెలవులు వేరేగా, ఎక్కువ రోజులుంటాయి, దసరా సెలవులు వాళ్లకు తక్కువ, కాబట్టి అన్నదమ్ములు వేర్వేరు బళ్లలో ఉంటే క్యాలెండర్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి.

మేడారం మాత్రం వేరే. రెండేళ్లకోసారి వచ్చే జాతర, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. అటు వైపు బళ్లకు స్థానిక సెలవులు ఇస్తారు, కానీ చాలామంది వారం ముందే ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు కట్టుకుని పోతారు, ముందే మొక్కు చెల్లించి వచ్చేవాళ్లూ ఎక్కువయ్యారు. బంగారం (అమ్మవార్లకు మొక్కే బెల్లం) ఎత్తుకెళ్లే ఇంట్లో పిల్లని బడికి పంపమని చెప్పే ధైర్యం నాకు లేదు. ముందు ఆదివారం పోయిరండి, రష్ కూడా తక్కువ, బడి కూడా పోదు.

తిరిగి తెరిచే రోజు ఎందుకంత ముఖ్యమంటున్నారు?

ఆఖరి రోజు పాతది సర్దుకునే రోజు. తెరిచిన రోజు కొత్తది మొదలయ్యే రోజు. దసరా తర్వాత సమ్మేటివ్ పరీక్ష, అంటే పెద్ద పరీక్ష, తరుముతూ ఉంటుంది, సిలబస్ మిగిలి ఉంటుంది, మేం రెండో రోజు నుంచే పరుగు మొదలుపెడతాం. మొదటి మూడు రోజులు రాని పిల్లవాడు నాలుగో రోజు వచ్చి బోర్డు వైపు చూస్తూ ఉంటాడు, పక్కవాడి నోట్స్ అడగడానికి మొహమాటపడతాడు, ఐదో రోజు కడుపునొప్పి అంటాడు.

2025లో ఏమైందంటే దసరా, గాంధీ జయంతి ఒకే రోజు, అక్టోబర్ 2న పడ్డాయి. ఆ రోజు మాంసం దుకాణాలు బందు కాబట్టి చాలా ఇళ్లలో దావత్ మూడో తారీఖుకు జరిగింది. నాలుగున బళ్లు తెరిచారు, అది శనివారం, మర్నాడు ఆదివారం. ఇంక ఎవరొస్తారు? ఊళ్లలోనే ఉండిపోయారు, కొందరు సోమవారం కూడా రాలేదు. అట్లాంటి శనివారం బడికి వచ్చిన పిల్లలకు నేను పాఠం చెప్పలేదు, ఉన్నవాళ్లతో పాత పేపర్లు చేయించాను, సోమవారం వాళ్లే పక్కవాళ్లకు చెప్తున్నారు.

కాబట్టి ఒక్క రోజే ఊర్లో ఎక్కువ ఉండే వీలుంటే ముందు తీసుకోండి, వెనక తీసుకోకండి. తిరుగు ప్రయాణం ఒక రోజు ముందే పెట్టుకోండి, పిల్లలు పండుగ నిద్ర తీర్చుకుని, బట్టలు ఉతికించుకుని పోతారు.

సెలవుల చివరి రాత్రి హోంవర్క్ ఒక్క అక్షరం రాయలేదని తెలిసింది. ఆ రోజు మాన్పించి రాయించాలా?

రాయకుండానే పంపండి. టీచర్ రెండు మాటలంటుంది, వాడు పడతాడు, బుధవారానికి రాస్తాడు. మాన్పించి మీరు పక్కన కూర్చుని రాయిస్తే సంక్రాంతికి కూడా అదే చేస్తాడు. మీ చేతిరాతతో రాసిచ్చే వాళ్లకు చిన్న మాట, మాకు తెలిసిపోతుంది.

ఆఖరి రోజు పంపితే ఏమేం చూసుకోవాలి?

బడి ఎన్నింటికి వదులుతారో ముందురోజే అడగండి. చాలాచోట్ల మధ్యాహ్నానికే వదిలేస్తారు, వ్యాన్ అన్న ఒంటిగంటకే దింపి పోతాడు, ఇంటికి తాళం ఉంటుంది, పిల్ల మెట్ల మీద కూర్చుంటుంది. తాళంచెవి ఎక్కడిస్తారో చెప్పి పంపండి.

బెంచీలో ఏమీ వదలొద్దని చెప్పండి. పుస్తకాలు, స్వెటర్, వాటర్ బాటిల్ సంగతి సరే, ముఖ్యంగా లంచ్ బాక్స్. మా పెద్దదానిది ఒకసారి పెరుగన్నంతో సహా దసరా సెలవులన్నీ బెంచీలోనే గడిపింది. మూత తీసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది, బాక్స్‌తో సహా చెత్తబండిలో వేశాం.